ఏ తొమ్మిదింటికి

హార్కర్ రేవు,
1953 మార్చి నెలాఖరు.

బర్పీకి,

ఉత్తరం మొదట్లో పెట్టే మంచి మాట ఏదైనా పెడదామని చూశాను. కలం కదల్లేదు. పేరుతోనే సరిపెట్టుకో.

నువ్వు మీ అమ్మకి రాసిన ఉత్తరం నేనే చదివి వినిపించాను. ఆవిడకి చూపు ఆనడం లేదని నీకు తెలుసు. "మంచు పోగానే వస్తాను, ఆటు బురదలో నాన్న వేసిన చోటే చేపల దడి మళ్ళీ కడతాను, ఆర్ఫా వదినకి నువ్వే నచ్చజెప్పు" అని రాశావు. నాకు నచ్చజెప్పమనే వాక్యం నా నోటితోనే చదివించావు చూడు, ఆ తెలివికి నీకో దణ్ణం. చదవడం అయ్యాక అత్తయ్య బీన్సు ఏరుతూనే ఉంది. "ఏమంటావు?" అంది తల ఎత్తకుండా. "ఏమంటాను, కర్రలు లాగడానికి వాడికి ఈ రేవులో గుర్రం ఇచ్చేవాడు ఒక్కడు కూడా ఉండడంటాను" అన్నాను. "వాడూ నా కొడుకే" అంది. "పోయిన నా మొగుడూ నీ కొడుకే" అన్నాను.

అందుకని నేరుగా నీకే రాస్తున్నాను. మీ నాన్న దడి తావు ఎల్‌వుడ్ డర్నింగ్‌కి ఇస్తానని మాట ఇచ్చేశాను. మన రేవు కట్టుబాటు నీకు నేను చెప్పాలా. వరసగా రెండు వసంతాలు ఒక తావులో కర్ర పడకపోతే, మే నెల పౌర్ణమి పోటు దాటాక అది ముందు పాతినవాడిది. పోయిన వసంతం నేను పాతించలేదు. ఈసారీ పాతించను. ఎల్‌వుడ్ మంచివాడేం కాదు, పాలలో నీళ్ళు కలిపే రకం. అయినా నీకంటే నయం. ఆ బురదలో మీ ఇంటి పేరు మాసిపోతే నాకు హాయి. దొంగతనంగా చేయడం నాకు చేతకాదు కాబట్టి ముందే చెబుతున్నాను.

ఎందుకని అడుగుతావేమో. అడిగే మొహం నీకు ఉండకూడదు గానీ చెబుతాను. ఇన్నాళ్ళూ లోపలే పెట్టుకున్నాను, ఇక పెట్టుకోను.

ఆ ఆగస్టు ఆదివారం పొద్దున పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, పాకలోకి వెళ్ళిన నాకు ఆవు కొమ్ములు చేతికి తగిలేదాకా కనపడలేదు. మీ అన్న ఆల్మన్ ముందు రోజు నుంచి ఒకటే హుషారు. "బర్పీగాడు వస్తున్నాడు, దడి దగ్గరే కలుస్తాం, అక్కడే తేల్చుకుంటాం" అన్నాడు. ఏం తేల్చుకుంటారంటే నవ్వాడు. నువ్వు తింటావని మొలాసిస్ పాకం వేసి నల్లరొట్టె పిండి డబ్బాలో పోసి తెల్లవారకముందే ఆవిరికి పెట్టాను. నీకోసం. ఇప్పుడు తలుచుకుంటే నా చేతులు నేనే నరుక్కోవాలనిపిస్తుంది. పాలు పితికి వచ్చేసరికి టైము అయిపోయింది. రొట్టె దించి కోస్తే లోపలంతా పచ్చి పిండి. మీ అమ్మ మూత తీసి చూసి ఉంటుంది, ఆవిరంతా పోయింది. ఆ మాట ఆవిడని అంటూ ఉండగానే వీధిలో బండి చప్పుడయింది. మన గుర్రం డఫీ ఒక్కతే వచ్చింది. చేపల బండి వెనకాల ఈడ్చుకుంటూ, పొట్టదాకా ఎర్ర బురదతో, మనిషి లేకుండా వచ్చింది.

మన సముద్రం సంగతి నీకు తెలుసు. చర్చి కప్పు ఎత్తు నీళ్ళు పూటకోసారి వచ్చి పూటకోసారి పోతాయి. ముందు నుంచి వచ్చే నీళ్ళు ఎవరినీ చంపవు, వాటిని చూసి పరిగెత్తవచ్చు. వెనక పాయలోంచి చప్పుడు లేకుండా దూరి ఒడ్డుకీ నీకూ మధ్య నిండిపోయేవే చంపుతాయి. ఆ పాయ నిండే వేళ ఈ ఒడ్డున ఆల్మన్‌కి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మరి అలాంటి మనిషి ఎందుకు కదల్లేదు? నీకోసం నిలబడ్డాడు. డర్నింగ్ వాళ్ళ పెరట్లోకి వినిపించిందట. "బర్పీ, బర్పీ" అని అరుస్తూనే ఉన్నాడట. ఎప్పటిలాగే అన్నదమ్ములు కొట్లాడుకుంటున్నారని ఎల్‌వుడ్ లోపలికి వెళ్ళిపోయాడు. నువ్వు మాత్రం ఒడ్డు మీదే ఉన్నావు. నేను పరిగెత్తుకుంటూ వచ్చి చూశాను కదా. నీ రైలు బూట్లు తళతళా మెరుస్తున్నాయి. అన్న నీ పేరు పెట్టి పిలుస్తుంటే నీ బూటుకి బురద చుక్క అంటలేదు.

మళ్ళీ ఆటుకి నీళ్ళు వెళ్ళాక ఎక్కడ దొరికాడో కూడా నా చేత రాయిస్తావా? తను కట్టిన దడిలోనే దొరికాడు. షాడ్ చేపలు చిక్కే మూలలో, వాటి మధ్యే. ఆ తావులో మళ్ళీ కర్ర పాతుతానంటావు నువ్వు.

ఆయన మన టైము ఎనిమిదింటికే దడి దగ్గర ఉన్నాడు, నువ్వు ఒక గంట ఆలస్యంగా వచ్చావు. పొరపాటున కాదు, పంతానికి వచ్చావు. టౌను గడియారం తొమ్మిది కొడితే మన ఇంట్లో ఎనిమిది. వేసవి వస్తే టౌనువాళ్ళు ముల్లు ఒక గంట ముందుకి తోసుకుంటారు, మనం తోసుకోం. ఆవులకీ నీళ్ళకీ తెలియని టైము మనకెందుకని మామయ్య అనేవాడు. దాని మీదే కదా మీ గొడవంతా. మామయ్యని పూడ్చే రోజున ఊరి టైము ప్రకారం రెండింటికి అంటే, నువ్వు టౌను రెండింటికే వచ్చి, పెట్టె గోతిలోకి దిగకముందే రైలు డ్యూటీ అంటూ వెళ్ళిపోయావు. "నాన్నకంటే రైలు ఎక్కువైందిరా" అన్నాడు ఆల్మన్. "నాన్నని కూడా మీ టైముకే పూడ్చుకోండి" అని వెళ్ళావు నువ్వు. నాలుగేళ్ళు మాటల్లేవు. ఆ ఆదివారం ఆయన్ని ఒక గంట నిలబెట్టి మళ్ళీ నీ పంతమే గెలిపించుకున్నావు.

ఇంకొకటి ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆయన్ని సాగనంపాక మూడో రోజు, చర్చి గంట విని చూస్తే మా వంటింటి గోడ గడియారం సరిగ్గా గంట ముందుకి పోతోంది. టౌను టైము. ఆయన శవం హాల్లో ఉండగా ఎవరో నా ఇంట్లోకి వచ్చి గడియారం తిప్పారు. ఆ పని చేసే మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. చచ్చినవాడి మీద కూడా గెలవాలా బర్పీ నీకు? నేను దాన్ని ముట్టుకోలేదు. ఆగిపోనిచ్చాను.

రావద్దు.

ఆర్ఫా


ట్రూరో,
ఏప్రిల్ 6.

ఆర్ఫా వదినకి,

నువ్వు మంచి మాట పెట్టలేకపోయినా నేను వదిన అనే పెడుతున్నాను. అలవాటు పోలేదు.

నీ ఉత్తరం ఇంజను దగ్గర నిలబడి చదివాను. ఫైర్‌మన్ "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. "నేనే" అన్నాను. రెండేళ్ళు నువ్వు నన్ను హంతకుడిని చేసి ఊరంతా తిప్పావు, నోరు మూసుకున్నాను. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఎవరినో ఒకరిని తిట్టకపోతే బతకలేదు, నన్నే తిట్టనీ అనుకున్నాను. కానీ తావు ఎల్‌వుడ్‌కి ఇచ్చేశానని చేతులు దులుపుకున్నావు చూడు, అక్కడ నా ఓపిక అయిపోయింది. అది నువ్వు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు. ఆ బురదలో మా తాత నడుం విరిగింది. నీ కోపానికి దాన్ని పాలలో నీళ్ళు కలిపేవాడికి పారేస్తావా?

ఇప్పుడు నా సంగతి విను. నమ్మితే నమ్ము, లేకపోతే పొయ్యిలో పెట్టు.

శనివారం అన్నయ్య షాపు ఫోన్లోంచి మాట్లాడాడు. నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి. "రేపు తొమ్మిదింటికి దడి దగ్గరికి రా" అన్నాడు. అంతే, పెట్టేశాడు. ఏ తొమ్మిదో చెప్పలేదు. ఆ లైను మీద ఊరంతా చెవి పెట్టి వింటుంది కదా, అడిగితే నవ్వులపాలవుతానని నేనూ అడగలేదు. మామూలు రోజైతే టౌను తొమ్మిదికే వచ్చేవాడిని, పంతానికైనా. కానీ ఆ వారంలోనే అమ్మ ఫోను చేసింది. "చిన్నవాడివి, ఒక్కరోజు వాడి టైముకి నడువు, నీ కిరీటం ఏమీ పడిపోదు" అంది. సరే, ఈ ఒక్కసారికి అనుకున్నాను. వాడు తొమ్మిది అంటే ఊరి తొమ్మిదే. టౌను లెక్కలో పది. నా జేబు గడియారం ముల్లు నేనే వెనక్కి తిప్పుకున్నాను వదినా, రైలువాడు తన గడియారం ముట్టుకోకూడదు, అయినా తిప్పుకున్నాను. పంతానికి ఆలస్యం చేశానంటావు. నా జన్మలో పంతం వదిలేసిన ఒకే ఒక్క రోజు అది.

ఆ వేళకి ఆటు ఉందా పోటు ఉందా అని నేను చూసుకోలేదు. ఇరవై ఏళ్ళయింది ఆ లెక్కలు మర్చిపోయి. ఒడ్డు మీద అందరికంటే బాగా తెలిసినవాడు వేళ పెట్టాడు, నేనెవరిని సరిచూడడానికి? వచ్చేసరికి పాయలో నీళ్ళ చప్పుడు. తెల్లగా పొగమంచు, నా చేయి నాకు కనపడలేదు. "అన్నయ్యా" అని కేక పెట్టాను. జవాబు వచ్చింది. ఎటునుంచో తెలియలేదు, పొగమంచులో గొంతు అన్ని వైపుల నుంచీ వస్తుందని నీకూ తెలుసు. "బర్పీ, కదలకు. అక్కడే ఉండు. నేనొస్తున్నా" అన్నాడు. గట్టు వెంట ఇంటి వైపు నుంచి వస్తున్నాడనుకున్నాను. నాలుగేళ్ళ తర్వాత అన్న నోట వచ్చిన మాట కదా, కదలకు అంటే కదల్లేదు. బండలా నిలబడ్డాను. అందుకే నా బూట్లకి బురద లేదు. ఆ బూట్లు నువ్వు మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు. మళ్ళీ వేసుకోలేదు.

వాడు నన్ను సాయానికి పిలవలేదు వదినా. నేనెక్కడో బురదలో దారి తప్పానని నన్ను వెతుకుతున్నాడు. అది నాకు మర్నాడు తెలిసింది. తెలిసి ఏం చేసుకోను?

ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఊరి తొమ్మిదింటికి రమ్మన్నవాడు అంత ముందే వెళ్ళి అక్కడ ఎందుకు నిలబడ్డాడు? ఆ వేళకి పాయ నిండుతుందని తెలిసీ నన్ను ఎందుకు రమ్మన్నాడు? ఎన్నిసార్లు ఆలోచించినా తెగదు.

ఇక గడియారం. అక్కడ నువ్వు సిగ్గుపడాలి. నేను నీ గడప తొక్కలేదు. నువ్వే కదా తలుపు నా మొహాన వేశావు. మూడు రోజులూ కట్టెల మోపు పక్కన నిలబడ్డాను, సొంత అన్న శవాన్ని కిటికీలోంచి చూశాను. ఎవరినైనా అడుగు. నువ్వు తావు రాసిచ్చిన ఆ మహానుభావుణ్ణే అడుగు.

నీ మరిది,
బర్పీ


హార్కర్ రేవు,
ఏప్రిల్ 9.

బర్పీకి,

బాగా రాశావు. రైల్లో కూర్చుని తీరిగ్గా అల్లి ఉంటావు. నీకు పొగమంచు సాక్షి, చచ్చినవాడు సాక్షి, కళ్ళు కనపడని ముసలావిడ సాక్షి. కాదనడానికి ఎవరున్నారులే.

గడియారం నువ్వు తిప్పకపోతే దానంతట అది తిరిగిందా? ఎల్‌వుడ్‌ని అడగమన్నావు, అడుగుతాను. ఆ మాట అబద్ధమని తేలిన రోజున మొత్తం అబద్ధమే అని ఊరందరికీ చదివి వినిపిస్తాను. తావు మాత్రం పోయినట్టే అనుకో. మంచు గడ్డలు పాయ దాటి వెళ్ళిపోయాయి, ఎల్‌వుడ్ అప్పుడే కర్రలు చెక్కుకుంటున్నాడు.

ఆర్ఫా


హార్కర్ రేవు,
ఏప్రిల్ 18.

మరిది బర్పీకి,

మొన్నటి ఉత్తరం చించెయ్. చించేశావో, దాచుకున్నావో నాకు తెలియదు. దాచుకుంటే కూడా నేనేమీ అనలేను.

మరిది అని రాసినందుకు నేను మెత్తబడ్డానని అనుకోకు. నాకు ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. కానీ ఎవరి మీద మండాలో తెలియకుండా పోయింది. రెండేళ్ళు నిన్ను తిట్టుకుంటూ పొయ్యి రాజేశాను, నిన్ను తిట్టుకుంటూ పాలు పితికాను. ఇప్పుడు చేతిలోంచి కర్ర లాగేసినట్టుంది.

ముందు ఎల్‌వుడ్ దగ్గరికి వెళ్ళాను. పెరట్లో కర్రలు చెక్కుతున్నాడు. "ఆ మూడు రోజుల్లో బర్పీ మా ఇంట్లోకి వచ్చాడా?" అన్నాను. గొడ్డలి ఆపి నాకేసి చూశాడు. "నువ్వు రానిస్తేగా? పాపం కట్టెల మోపు దగ్గరే నిలబడ్డాడు. మా ఆవిడ టీ పట్టుకెళ్తే అక్కడే తాగాడు. రెండో రోజు వాన కూడా పడింది" అన్నాడు. "వానలోనా?" అన్నాను. "మరి నీ తలుపు తీసి ఉందా?" అన్నాడు. తావు తీసుకునేవాడు కూడా నన్ను ఆ మాట అన్నాడు. తల వంచుకుని వచ్చేశాను.

అయితే గడియారం తిప్పింది ఎవరు? ఊళ్ళోవాళ్ళెవరూ తిప్పరు. టౌను నుంచి నువ్వు తప్ప ఎవరూ రాలేదు. నాలుగు రోజులు అదే తిరిగింది తలలో. ఆగిపోయిన గడియారం గోడ మీద నన్నే చూస్తున్నట్టు ఉండేది, నేను వీపు అటు తిప్పుకుని వంట చేశాను.

ఇవాళ శనివారం. మామూలుగా బీన్సు పెట్టి, పక్కన నల్లరొట్టె డబ్బా ఆవిరికి పెట్టాను. ఆ రోజు తర్వాత నేను ఆ రొట్టె చేయడం ఇదే మొదటిసారి, ఎందుకు చేశానో అడగకు. పెట్టేసి పాకలోకి వెళ్తూ, అలవాటు కొద్దీ మీ అమ్మతో "మూత తీయకు, ఆ రోజులా పచ్చిగా ఉంటుంది" అన్నాను. ఆవిడ ఎప్పటిలాగే "ఊఁ" అంది. గుమ్మం దాటబోయిన నా కాలు అక్కడే ఆగిపోయింది. ఆ రొట్టె పొయ్యి మీద ఎంతసేపు ఉండాలో నాకు కంటితో తెలియదు బర్పీ, గోడ గడియారం చూసే దించుతాను. ఆ రోజు పాకలోంచి వచ్చి గోడ చూశాను, అప్పుడే ఇంత టైమయిందా అనుకున్నాను, దించేశాను. మూత ఎవరూ తీయలేదు. ఆవిరి ఎక్కడికీ పోలేదు. రొట్టె గంట ముందే దిగింది. అంటే నేను పాకలో ఉండగానే, గుర్రం వట్టి బండితో రాకముందే, ఆయన బతికి ఉండగానే ముల్లు ముందుకి తిరిగి ఉంది.

వెనక్కి వచ్చి మీ అమ్మ ఎదురుగా కూర్చున్నాను. "అత్తయ్యా, ఆ రోజు గడియారం ఎవరు తిప్పారు?" అన్నాను.

ఆవిడ చేతిలో ఉన్న గింజలు గిన్నెలో వేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఇన్నాళ్ళకి అడిగావు" అంది.

"ఎవరు?"

"ఇంకెవరు, నీ మొగుడే. నేనే చెప్పాను. పెద్దవాడివి, ఒక్కరోజు వాడి టైముకి నడువు, నీ కిరీటం ఏమీ పడిపోదు అన్నాను. పొద్దున బయల్దేరే ముందు స్టూలు ఎక్కి ముల్లు తిప్పాడు. బర్పీగాడు భోజనానికి వస్తాడు కదా, గోడ మీద వాడి టైము చూసి మురిసిపోతాడులే, ఆర్ఫాకి చెప్పకు, అరుస్తుంది అన్నాడు. నవ్వుకుంటూ వెళ్ళాడు."

నీ ఉత్తరంలో ఆ కిరీటం మాట అచ్చు అలాగే ఉంది. "బర్పీకి కూడా ఇదే చెప్పావా?" అన్నాను.

"చెప్పాను."

"ఇద్దరికీ చెప్పావా? ఒకరికి చెప్పావని ఇంకొకరికి తెలియకుండా?"

"ఇద్దరూ వింటారని ఎవరనుకున్నారే" అంది మీ అమ్మ. "పుట్టినప్పటి నుంచీ ఒక్కడైనా నా మాట విన్నాడా? ఒకడైనా దిగుతాడేమోనని ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ ఒకేసారి దిగారు."

అర్థమయిందా బర్పీ? ఆయన తొమ్మిది అన్నది నీ తొమ్మిది. టౌను తొమ్మిది. మన ఎనిమిది. ఆటు అడుగంటిన వేళ, బురద గట్టిపడి బండి నడిచే వేళ, ఇద్దరూ నింపాదిగా మాట్లాడుకుని వెనక్కి రావడానికి సరిపోయే వేళ. ఆయన లెక్క తప్పలేదు. నువ్వు దాన్ని ఆయన తొమ్మిది చేసుకుని వచ్చావు. ఆయన నీ టైముకి వెళ్ళి నిలబడ్డాడు, నువ్వు ఆయన టైముకి వచ్చి నిలబడ్డావు. ఇద్దరిలో ఏ ఒక్కడు ఎప్పటిలా మొండిగా ఉన్నా ఆయన ఈపాటికి ఇక్కడ కూర్చుని నా మీద అరుస్తూ ఉండేవాడు. నీకు తెగని ముడి ఇదే. ఇప్పుడు తెగింది. తెగినందుకు నీకు సుఖంగా ఉంటుందని నేను అనుకోను, నాకైతే లేదు.

మీ అమ్మని చాలా మాటలు అన్నాను. నీకు రాయలేనివి కూడా అన్నాను. "చెప్పి చావవచ్చు కదా, రెండేళ్ళు నా చేత వాణ్ణి తిట్టించావు" అన్నాను. ఆవిడ కదలకుండా వింది. అంతా అయ్యాక, "చెబితే ఏమయ్యేది? నన్ను తిట్టేదానివి. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, నువ్వు తప్ప నాకు దిక్కు లేదు" అంది. మళ్ళీ తనే, "మూత తీశావు, మూత తీశావు అని అంటుంటే ఊరుకున్నాను. ఆ నింద మోయడం తేలిక" అంది. ఆ మాటకి నేను లేచి పాకలోకి వెళ్ళి ఆవు మెడ పట్టుకుని ఏడ్చాను. ఆవిడ మీద కోపం పోయిందని కాదు. పోలేదు. కానీ ఆ గదిలో నాకంటే ఎక్కువ పోగొట్టుకున్న మనిషి ఒకరు ఉన్నారని ఇవాళే కనపడింది. ఒక కొడుకు నీళ్ళలో పోయాడు, రెండోవాడిని నేను గుమ్మం బయట నిలబెట్టాను.

పాకలోంచి వచ్చేసరికి రొట్టె సంగతే మర్చిపోయాను. గడియారం లేదు కదా చూడడానికి. అత్తయ్యే, "వాసన వస్తోంది, దించు" అంది. దించాను. బాగా వచ్చింది.

ఎల్‌వుడ్‌కి తావు ఇవ్వనని చెప్పి వచ్చాను. తిట్టాడు. చెక్కిన కర్రలు ఏం చేసుకోనని అడిగాడు. మాకే ఇవ్వమన్నాను, ఇంకాస్త తిట్టి ఇస్తానన్నాడు. మాట తప్పిన ఆడదాన్నని ఊళ్ళో అంటారు, అననీ. డఫీకి కొత్త నాడాలు వేయించాను. అది ఆ రోజు తర్వాత బురదలోకి దిగలేదు. ఇందాక గట్టుదాకా తీసుకెళ్తే చెవులు నిక్కబొడుచుకుని నిలబడింది, వెనక్కి మాత్రం రాలేదు.

నిన్ను క్షమించానని ఈ ఉత్తరం కాదు. క్షమించడానికి నువ్వు చేసిందేమీ లేదని తెలిశాక ఆ మాట ఎలా వాడాలో నాకు తెలియడం లేదు. వానలో నిలబెట్టాను నిన్ను. ఆ సంగతి నువ్వు నన్ను అడుగు, ముఖాముఖి అడుగు. నేను అరుస్తాను, నువ్వూ అరుద్దువుగాని. అలవాటైన పనే.

మే పౌర్ణమి పోటుకి ముందు రా. మొదటి కర్ర నీతో పాటు నేనూ పట్టుకుంటాను. ఆయన దొరికిన మూలలో కాదు, అక్కడ మాత్రం కర్ర వద్దు. దడి ఆ మూల తెరిచే ఉండనీ. నాలుగు షాడ్ చేపలు తప్పించుకుపోతే పోనీ.

ఎన్ని గంటలకి రావాలో మాత్రం రాయను. వచ్చే ఆదివారం మీ టౌనువాళ్ళు మళ్ళీ ముల్లు తోసుకుంటారని తెలుసు, తోసుకోనీ. ఈ ఇంట్లో గడియారం మళ్ళీ నడిపించేదాకా ఎవరూ ఎవరికీ టైము చెప్పుకోకూడదని అత్తయ్యా నేనూ అనుకున్నాం. ముందు రోజే వచ్చి ఇంట్లో పడుకో, తలుపు వేయను. పొద్దున నీళ్ళు చూసుకుని దిగుదాం. రేవు మెట్లలో నాచు పట్టిన అడుగు మెట్టు తేలగానే బండి కడతాను.

ఒకవేళ పొగమంచు పట్టి, నాకంటే ముందు నువ్వే ఒడ్డుకి చేరితే, కదలకు. అక్కడే ఉండు. నేనొస్తాను.

నీ వదిన,
ఆర్ఫా